నేల తాకని చెట్టు

రోవన్ కర్రల్లో రకాలున్నాయి, అనేది గున్‌బొర్గ్,
కత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ రాస్తూ.
యెమ్ట్‌లాండ్ కొండల్లో మంత్రదండం కావాలంటే
ఆమె వాకిట్లోనే నిలబడాలి ఎవరైనా.

వాగు ఒడ్డున పుట్టినది చల్ల చిలకడానికి మంచిది,
దిష్టి తగిలిన పాలు కూడా వెన్న కడతాయి.
కొట్టం తలుపుకి అడ్డంగా పెడితే
రాత్రిపూట మేకల్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు
గడప దాటరు.
ఇవన్నీ నేలమీది రోవన్‌లు.
బుద్ధిమంతులు. చెప్పిన పని చేస్తాయి.

ఎగిరే రోవన్ అలా కాదు.
ఏదో పిట్ట ఎర్రకాయ మింగి
ముసలి బర్చ్ పంగలో రెట్ట వేసి పోతుంది.
అక్కడ చేరిన గుప్పెడు కుళ్ళిన ఆకుల్లో
గింజ కళ్ళు తెరుస్తుంది.
అక్కడే వాన తాగి, అక్కడే మంచు మోసి
చిటికెనవేలంత లావు కావడానికి
పదకొండేళ్ళు పడుతుంది.
దాని వేరుకి నేల సంగతి తెలియదు.
"తెలియదు గనకే దానికంత దప్పిక.
భూమి లోపల ఎక్కడ నీరు కదిలినా
మెడ వంచి వింటుంది."

ఇనుము సోకకూడదు, చెకుముకిరాయితో కోయాలి.
కోసినవాళ్ళు వెనక్కి చూడకూడదు.
అన్నిటికీ మించి,
పని పూర్తయ్యేదాకా కర్ర నేలని తాకకూడదు.

సూర్యుడు అస్తమించడం మరిచిపోయే రాత్రి
నన్ను చెట్టెక్కించింది.
నాకప్పుడు పద్నాలుగేళ్ళు. చెవుల నిండా దోమలు.
పిల్లి తన కూనని కరచుకున్నట్టు
పంగలకర్రని పళ్ళ మధ్య పట్టుకుని దిగాను.
బెరడు చేదు. చేదుబాదం వాసన.

చిత్తడి మీద పరిచిన పలకల దారిలో,
మూడో పలక దగ్గర, కాలు జారింది.
కర్ర నాచులో పడింది.
ఎంతోసేపు కాదు. ఒక తుమ్ము తుమ్మేంత.
తీసి పావడాకి తుడిచాను.
ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు.

గున్‌బొర్గ్ దాన్ని దూలానికి వేలాడదీసింది.
గాజుపెంకుతో బెరడు గీకింది, తేనెమైనం పూసింది.
ఆమె పనిచేస్తున్నంతసేపూ
నేను ఊరికే పొయ్యి ఎగదోస్తుండేదాన్ని.

ఆకులు రాలేవేళ హాల్‌స్టెన్ వచ్చాడు,
బావి ఎండిపోయిందని, రెండావుల్ని అమ్మేశానని.
రెండు చేతులా కర్ర పట్టుకుని
తన పొలం నాలుగు మూలలా తిరిగాడు.
కర్ర కదిలింది. ఎలా కదిలిందంటే
అతని అరచేతుల తోలు లేచింది.
కానీ కిందికి కాదు, పక్కకి.
అతనెటు మళ్ళినా అది మాత్రం అడవి వైపే.

మేం వెంట నడిచాం. కంచె దాటి, గుట్ట దిగి.
నా మోకాళ్ళు అప్పటికే గుర్తుపట్టాయి.
మూడో పలక దగ్గర, నాచు మీద
కర్ర పూర్తిగా వాలిపోయి
వణకడం మానేసింది.

"ఇక్కడన్నీ నీళ్ళే కదా," అన్నాడు హాల్‌స్టెన్
తడిసిన బూట్లు చూసుకుంటూ.
"ఊరందరికీ తెలిసిన నీళ్ళు."

గున్‌బొర్గ్ నా వైపు చూడలేదు.
ఇంటికొచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుతూ అంది,
"ఎల్నా, తాకిందన్నమాట."
ఔనన్నాను.
"ఎంతసేపు?"
తుమ్మేంతసేపు.
దగ్గు తెరలు వచ్చేదాకా నవ్వింది ఆమె.
నేను ఏడుపుకి సిద్ధమై వచ్చాను,
ఆ నవ్వుని ఏం చేసుకోవాలో తెలియలేదు.

హాల్‌స్టెన్‌కి వేరే కర్ర ఇచ్చాం, మామూలు హేజెల్‌ది.
కొట్టం వెనక పదిహేడడుగుల లోతున
నీళ్ళు పడ్డాయి. కాస్త తుప్పు రుచి.

ఆ పంగలకర్ర నా దగ్గరే ఉంది.
అమ్మకానికి పనికిరాదు,
ఎక్కడ పట్టుకున్నా అటే తిరుగుతుంది.
పొగమంచులో దారి తప్పినప్పుడు మాత్రం
మూడో పలక ఎటుందో చెబుతుంది.
అక్కడినుంచి ఇల్లు నాకు తెలుసు.